ఉప్పు, పంచదార, నీళ్ళు: ఒక పరిశోధన కథ

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, మహిళా సభ్యుల శిక్షణ తరగతి చివరి రోజున ఒక విశ్రాంత పశువైద్యాధికారి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను దూడల పోషణ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెబుతాను. కాని నిన్న భోజనాల దగ్గర ఒక కార్యదర్శిగారు అన్న మాట నా మనసులో నిలిచిపోయింది. "యూనివర్సిటీల్లో మీరు రాసుకునే కాగితాలవల్ల మా ఊళ్ళకు ఒరిగిందేమిటండీ?" అన్నారాయన. ఆయన ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు కూడా. అది కోపంతో అడిగిన ప్రశ్న కాదు, కాబట్టి తప్పించుకోవడం మర్యాద కాదు. ముందు దానికి జవాబు చెప్పి, తరువాత దూడ దగ్గరకు వస్తాను. రెండూ ఒకే దారిలో ఉన్నాయి.

1984లో నేను ఉద్యోగంలో కొత్త. తొలకరి పడిన రోజులు. ఒక ఊళ్ళో ముర్రా గేదె దూడకు పారుడు పట్టిందని కబురు వస్తే సైకిలు మీద వెళ్ళాను. దూడ పది రోజులది. కళ్ళు లోపలికి పోయాయి, చెవులు చల్లబడ్డాయి. మెడ మీద తోలు పట్టి లాగి వదిలితే ముడత అలాగే నిలబడింది. కాచి చల్లార్చిన నీళ్ళు అడిగి, ఉప్పు, పంచదార, వంటసోడా కొలత ప్రకారం కలిపి, కొంచెం కొంచెంగా సీసాతో ఎలా పట్టించాలో ఇంటివాళ్ళకు చూపించాను.

ఆ ఇంటి వసారాలోనే నులకమంచం మీద ఏడాదిన్నర పిల్లవాడు పడుకుని ఉన్నాడు. వాడికీ విరేచనాలే. నీళ్ళ చెంబు వైపు చెయ్యి చాస్తే నాయనమ్మ చెంబును పక్కకు జరిపింది. "నీళ్ళు పోస్తే నీళ్ళే పోతాయి గదయ్యా" అన్నది. ప్రేమ లేక అన్న మాట కాదది. ఆమె తల్లీ, అత్తా ఆమెకు నేర్పిందే. దూడకు కలిపిన నీళ్ళు తపేలాలో ఇంకా సగం మిగిలి ఉన్నాయి. నేను పశువుల డాక్టరును, మనుషుల వైద్యం నాకెందుకని ఊరుకున్నాను. మర్నాడు వెళ్ళేసరికి దూడ లేచి తల్లి పొదుగు కుమ్ముతున్నది. వసారాలో మంచం ఖాళీగా ఉంది. రాత్రి బండి కట్టి పట్నం తీసుకుపోతుంటే దారిలోనే పోయాడని చెప్పారు.

తెలిసీ నోరు విప్పకపోవడం నా తప్పు. ఆ తపేలాలోని నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో, నా చేతికి ఎవరు అందించారో చదవడం ఆ తరువాతే మొదలుపెట్టాను.

విరేచనాలతో చనిపోవడమంటే చాలావరకు ఒంట్లో నీరూ ఉప్పూ అయిపోయి చనిపోవడమే. కలరా సోకితే పొద్దున పొలానికి పోయిన మనిషి సాయంత్రానికి లేకపోవచ్చు. ఉప్పునీటిని రక్తనాళంలోకి ఎక్కిస్తే మనిషి తేరుకుంటాడని 1832లోనే స్కాట్లండులో థామస్ లట్టా అనే డాక్టరు చేసి చూపించాడు. ఈనాడు మనం 'సెలైన్ ఎక్కించడం' అంటున్నది దాని సంతానమే. కాని సెలైనుకు శుభ్రమైన సీసాలు, సూదులు, పని తెలిసిన చెయ్యి కావాలి. కలరా ఎక్కువగా వచ్చేది అవి లేని చోటికే.

మరి నోటితో తాగిస్తే? నాయనమ్మ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, అదే చిక్కు. పేగులు నీళ్ళను బయటకు తోసేస్తున్న సమయంలో వట్టి నీళ్ళు తాగించినా, వట్టి ఉప్పునీళ్ళు తాగించినా సరిగా ఇంకవు. కలకత్తాలో హేమేంద్రనాథ్ చటర్జీ అనే డాక్టరు 186 మంది కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి నయం చేశానని 1953లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. ఎవరూ పట్టించుకోలేదు. పోల్చి చూడడానికి మరో వరుస రోగులు లేరు, లోపలికి పోయినదీ బయటకు వచ్చినదీ కొలిచిన లెక్క లేదు. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు. అయినా ఒక మాట అంటాను. అదే సంగతి లండనులో ఒక పెద్ద ఆసుపత్రి నుంచి వచ్చి ఉంటే, కనీసం ఇంకొకరు చేసి చూసేవారు.

అదే కలకత్తాలో 1959లో శంభునాథ్ దే అనే వైద్య శాస్త్రజ్ఞుడు, చాలీచాలని పరికరాలతో, కుందేలు పేగుల మీద పరీక్షలు చేసి మరో సంగతి తేల్చాడు. కలరా క్రిమి పేగు గోడను కొరికి తినడం లేదు, ఒక విషాన్ని వదులుతున్నది. ఆ విషంవల్లే పేగులోకి నీరు ఊరిపోతున్నది. అంటే గోడ చెక్కుచెదరలేదు. చెక్కుచెదరకపోతే దానిచేత మళ్ళీ నీరు పీల్పించవచ్చు గదా! ఎలా అన్నదానికి 1960లో రాబర్ట్ క్రేన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు దారి చూపాడు. పేగు గోడలో ఉప్పూ చక్కెరా జోడెద్దుల్లాగా నడుస్తాయి. రెండింటినీ ఒక కాడికి కడితేనే బండి లోపలికి కదులుతుంది, నీరు ఆ బండి వెనకాలే వస్తుంది. కలరా విషం బయటికి పోయే తూము తెరిచిందే కాని, ఈ లోపలికి వచ్చే బాటను మూయలేదు.

ఇంతా తెలిశాక పని తేలికనుకుంటాం. కాదు. 1962లో ఫిలిప్పీన్స్ దేశంలో మనీలా నగరంలో రాబర్ట్ ఫిలిప్స్ అనే అమెరికా నౌకాదళ వైద్యుడు రోగులకు ఇలాంటి ద్రావణమే తాగించాడు. పాళ్ళు మరీ చిక్కనయ్యాయి. కొందరు రోగులు చనిపోయారు. ఆ దెబ్బతో ఆయన చాలాకాలం ఈ పద్ధతి అంటేనే జంకాడు. మన దాణాలో యూరియా పాలు తప్పితే ఏమవుతుందో మీకు తెలుసు. ఇదీ అంతే, వస్తువులు అవే, పాళ్ళలోనే ప్రాణం ఉంది.

పాళ్ళు తేల్చింది ఢాకాలోని కలరా పరిశోధనాలయం, కలకత్తాలోని పరిశోధకులు. ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు, బెంగాలీ సహచరులతో కలిసి, రోగులను నడుమ రంధ్రం ఉన్న మంచాల మీద పడుకోబెట్టి, కింద బకెట్టు పెట్టి, ఎంత పోయిందో కొలిచారు. పోయినంత కొలిచి అంత తాగించారు. అసహ్యమనిపిస్తుంది గాని, శాస్త్రమంటే అక్కడ ఆ బకెట్టే. ఇరవై తొమ్మిది మంది రోగుల మీద చేసిన ఆ పరీక్ష 1968లో లాన్సెట్‌లో అచ్చయింది. సెలైన్ అవసరం ఐదోవంతుకు పడిపోయిందని తేలింది.

కాని పెద్ద డాక్టర్లు నమ్మలేదు. ఆసుపత్రిలో నర్సులు కాచుకుని కొలుస్తుంటే సరే, బయట జనం మధ్య ఇది సాగుతుందా అన్నారు. దానికి జవాబు 1971లో వచ్చింది. తూర్పు బెంగాలులో యుద్ధం, కోటిమంది దాకా సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. బనగాఁవ్ అనే సరిహద్దు ఊరి ఆసుపత్రికి డాక్టర్ దిలీప్ మహాలనబీస్ వెళ్ళారు. పిల్లల వైద్యులాయన. నేల మీద రోగులు, వాళ్ళ వాంతులు, విరేచనాలు. వాటి మధ్య మోకాళ్ళ మీద కూర్చుని సూదులు గుచ్చవలసి వచ్చింది. కొద్దిరోజుల్లో సెలైన్ సీసాలు అయిపోయాయి. ఇంక వేరే దారి లేదు. లీటరు నీటికి గ్లూకోజు 22 గ్రాములు, ఉప్పు మూడున్నర గ్రాములు, వంటసోడా రెండున్నర గ్రాములు చొప్పున కలకత్తాలో తూచి, పాలిథీన్ సంచుల్లో పెట్టి, వేడి ఇస్త్రీపెట్టెతో అతికించి తెప్పించారు. లీటరుకు అయిన ఖర్చు 11 పైసలు. డ్రమ్ములకు కుళాయిలు బిగించారు. నర్సులు లేరు కాబట్టి తల్లులు, తమ్ముళ్ళు, భర్తలు గ్లాసులతో పట్టుకుపోయి రోగికి తాగించారు. అంతకుముందు నూటికి ముప్ఫైమంది దాకా పోతున్నవారు, ఈ పద్ధతిలో నూటికి నలుగురి లోపే పోయారు.

అక్కడ ఆయన చేసిన తెలివైన పని ఒకటుంది. ఉప్పూ చక్కెరా నీళ్ళంటే ఎవరూ లెక్కచేయరని, దానికి 'నోటి సెలైన్' అని పేరు పెట్టారు. సెలైన్ అంటే జనానికి గురి. మందు మారలేదు, మాట మారింది. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడు మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆలస్యమే, ఏం చేస్తాం.

కార్యదర్శిగారి ప్రశ్న వెనక అసలు అనుమానం మరొకటి ఉందని నాకు తెలుసు. పరిశోధనాలయంలో తేలింది సరే, అది మా ఇంటి పొయ్యిదాకా ఎలా వస్తుంది అని. వసారాలో నాయనమ్మ చెంబు జరిపింది 1984లో. అప్పటికి లాన్సెట్‌లో అచ్చయి పదహారేళ్ళు!

దీని మీద కూడా పరిశోధన జరిగింది, బంగ్లాదేశ్‌లో. బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1979లో మొదలుపెట్టింది. ఊళ్ళలో పాకెట్లు దొరకవు, కొనే డబ్బు లేదు. కాబట్టి మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు నీళ్ళు. ఈ కొలతను చదువురాని తల్లికి ఆమె చేతులతోనే చేయించి నేర్పాలి. కొద్దిపాటి చదువున్న స్త్రీలకు శిక్షణ ఇచ్చి ఇల్లిల్లూ తిప్పారు.

జీతం ఎలా ఇచ్చారో వింటే మీకు మన కేంద్రమే గుర్తొస్తుంది. ఎన్ని ఇళ్ళకు వెళ్ళావు అని ఇవ్వలేదు. కొన్నాళ్ళ తరువాత మరొకరు వెళ్ళి, కొన్ని ఇళ్ళను చీటీ వేసి తీసినట్టు ఎంచుకుని, ఆ తల్లికి ఎన్ని సంగతులు గుర్తున్నాయో అడిగి, ఆమె కలిపిన నీళ్ళను సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపేవారు. ఉప్పు ఎక్కువైందా, తక్కువైందా తేలేది. దాన్నిబట్టి నేర్పినామెకు డబ్బు. లీటర్ల లెక్కన డబ్బిస్తే డబ్బాలో నీళ్ళు చేరతాయని, వెన్న శాతం చూసి ఇస్తేనే పాలు వస్తాయని మనం అనుభవం మీద నేర్చుకున్నదే ఇది.

తల్లులు చక్కగా నేర్చుకున్నారు. అడిగితే పాఠం అప్పగించారు. కాని పిల్లవాడికి విరేచనాలు పట్టినప్పుడు వాడుతున్నారా అని చూస్తే, చాలా కొద్దిమంది! ఇంకొకరైతే జనం మూఢులని తిట్టి వదిలేసేవారు. వీళ్ళు కారణం వెతికారు. నేర్పే స్త్రీలకే దాని మీద నమ్మకం లేదని బయటపడింది. తమ ఇంట్లో జబ్బు చేస్తే వాళ్ళే మాత్రలకు పరుగెత్తుతున్నారు. అప్పుడు వాళ్ళను ఢాకా ఆసుపత్రికి తీసుకుపోయి, కొన ఊపిరితో వచ్చినవాళ్ళు తాగి లేచి కూర్చోవడం కళ్ళారా చూపించారు. ఆ తరువాత వాళ్ళు ఇళ్ళలో చెప్పేటప్పుడు ఆ నీళ్ళు ముందు తామే తాగి చూపించడం మొదలుపెట్టారు. మరో లోపం, మగవాళ్ళను వదిలేయడం. బజారుకు పోయేదీ, డాక్టరును పిలిచేదీ మగవాళ్ళు. వాళ్ళకు మసీదుల్లో, బజారుల్లో, బడుల్లో చెప్పసాగారు. 1990 నాటికి కోటి ఇరవై లక్షలకు పైగా ఇళ్ళకు వెళ్ళివచ్చారు. నాకు తెలిసిన పరిశోధనల్లో నేను ఎక్కువ గౌరవించేది ఇదే. క్రేన్ పేగులో బాట కనుక్కున్నాడు, వీళ్ళు వీధిలో బాట కనుక్కున్నారు. రెండోదే ఎక్కువ కష్టమని నా అభిప్రాయం.

ఇక మన ఇంటి సంగతి. చక్కెర బదులు బియ్యప్పిండి కాచి కలిపినా పనిచేస్తుందని, కలరాలో విరేచనం కూడా తగ్గుతుందని ఢాకాలో 1980ల్లోనే పరీక్షించి చూశారు. అంటే మన ఉప్పు వేసిన గంజి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ కూడా ఇంట్లో ఇవ్వదగిన వాటిలోదే. మన పెద్దవాళ్ళకు అన్నీ తెలుసునని గొప్ప చెప్పుకోవడానికి కాదు ఈ మాట. చెంబు పక్కకు జరిపిందీ పెద్దవాళ్ళే గదా. ఏది నిలుస్తుందో ఏది నిలవదో బకెట్టు పెట్టి కొలిస్తేనే తెలిసింది.

ఇప్పుడు ఓ.ఆర్.ఎస్. పాకెట్టు ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీలో ఉచితంగా దొరుకుతుంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో విరేచనాలు పట్టిన పిల్లల్లో అది అందింది నూటికి అరవైమందికే. మిగతా నలభైమందికి ఎందుకు అందలేదు? దీని మీదా పరిశోధన జరిగింది. కర్ణాటక, బీహారు రాష్ట్రాల్లో రెండువేలకు పైగా ప్రైవేటు వైద్యుల దగ్గరకు, బిడ్డకు విరేచనాలని చెప్పుకునే తండ్రుల వేషంలో మనుషులను పంపారు. ఫలితాలు 2024లో సైన్స్ పత్రికలో వచ్చాయి. మందులషాపులో సరుకు లేకపోవడం కాదు, లాభం లేకపోవడమూ కాదు, వాటి పాలు నూటికి ఐదారే. అన్నిటికన్నా పెద్ద కారణం, నూటికి నలభై రెండు పాళ్ళు, 'ఈ పాకెట్టు ఇస్తే వచ్చినవాళ్ళకు తృప్తి ఉండదు, వాళ్ళకు ఇది అక్కరలేదు' అని వైద్యులు అనుకోవడం! వచ్చినతను "ఓ.ఆర్.ఎస్. ఇవ్వండి" అని నోరు తెరిచి అడిగిన చోట ఇవ్వడం బాగా పెరిగింది.

కాబట్టి అడగండి. సూది వెయ్యకపోతే వైద్యమే కాదనుకునే మన అలవాటు డాక్టరుకూ తెలుసు, దానికి తగ్గట్టే ఆయనా రాస్తున్నాడు.

ఇంకొక జాగ్రత్త. ఓ.ఆర్.ఎస్. అన్న అక్షరాలు అట్టపెట్టె మీద వేసుకుని తియ్యటి పానీయాలు చాలాకాలం అమ్ముడుపోయాయి. చక్కెర మోతాదు మించితే పేగులోకి నీరు ఇంకా ఊరి, విరేచనం ఎక్కువవుతుంది. మనీలాలో జరిగిన పొరపాటు లాంటిదే. హైదరాబాదులో పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, సరైన పాళ్ళు లేని పానీయాల మీద ఆ పేరు వాడరాదని ఆదేశించింది. కొనేటప్పుడు పాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్ళ ప్రకారం అని ఉందేమో చదివించుకోండి.

పాకెట్టు లేకపోతే లీటరు మంచినీటికి చిన్న చెంచాతో తలగొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. కలిపిన నీళ్ళు ఒక రోజు దాటితే పారబోయాలి. రెండేళ్ళలోపు బిడ్డకు విరేచనమైనప్పుడల్లా పావు నుంచి అర గ్లాసు, పెద్దపిల్లలకు అర నుంచి గ్లాసుడు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో నిదానంగా మళ్ళీ పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు, అన్నం ఆపకూడదు. ఆశా కార్యకర్త ఇచ్చే జింకు మాత్రలు పద్నాలుగు రోజులూ వెయ్యాలి. మలంలో రక్తం పడినా, బిడ్డ తాగలేకపోయినా, మగతగా పడి ఉన్నా, ఉచ్చ ఆగిపోయినా ఇంట్లో కూర్చోవద్దు, ఆసుపత్రికి పరుగెత్తండి.

ఇక దూడ. దాని పేగులోనూ అవే జోడెద్దులు. పారుడు పట్టగానే పాలు మాన్పించేస్తారు మనవాళ్ళు. మాన్పించవద్దు. పాలు వేళకు తాగనిచ్చి, రెండు గంటలు ఆగి, గోరువెచ్చటి నీటిలో ఓ.ఆర్.ఎస్. కలిపి, రోజుకు రెండు మూడుసార్లు పట్టండి. పాలలో మాత్రం కలపవద్దు, పాలు కడుపులో సరిగా విరగవు. దూడ లేవలేకపోయినా, చీకలేకపోయినా సీసాతో బలవంతాన పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డాక్టరును పిలవండి.

అసలు పారుడు రాకుండా చూసేది జున్నుపాలు. మావి పడేదాకా దూడను తల్లి దగ్గరకు పోనివ్వకూడదని ఇప్పటికీ ఎన్నో ఇళ్ళలో ఆపుతున్నారు. ఇదీ ఆ నీళ్ళ చెంబు లాంటిదే. పుట్టిన గంట రెండు గంటల్లోపు తాగిన జున్నుపాలలోని రక్షణశక్తిని దూడ పేగు పీల్చుకుంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ దారి మూసుకుపోతూ, ఒక రోజు దాటేసరికి పూర్తిగా మూతపడుతుంది. పైగా దూడ చీకితే మావి పడడానికే సాయం.

బయట బల్ల మీద పాకెట్లు, లీటరు కొలతపాత్ర, కాచి చల్లార్చిన నీళ్ళు పెట్టించాను. ఇద్దరు అక్కయ్యలు ముందుకు వచ్చి కలపండి. లీటరు కొలవడం మీకు ఒకరు నేర్పవలసిన పని కాదు. పాకెట్టుతో ఒక పాత్ర, చెంచా కొలతతో ఒక పాత్ర. మొదట నేను తాగుతాను, తరువాత కార్యదర్శిగారు తాగి, కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉందేమో చెప్పాలి. ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలుపుదాం.